జెర్రులు పీల్చే గాలి

కృత్తిక కార్తె, మొదట్లో

పాచిగోడ ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒకరు గోడ సంగతులు రాసి పంపాలని గాలి ఆఫీసు వాళ్ళు చెప్పారు. మా ఇంట్లో ఉన్నది ఇద్దరం. నా కూతురు షాహీనకు నెలలు నిండుతున్నాయి, వంగి కూర్చుని రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను. నా పేరు మాబమ్మ. బొంతలు, పరుపులు కుడతాను. అల్లుడు పైన ఎండపలకల దగ్గర కాపలా పనిలో ఉన్నాడు. వానలు పడితే గానీ కిందికి రాడు.

గోడ బాగుంది. అద్దాల మధ్య నీళ్ళు పచ్చగా ఉన్నాయి. బుడగలు బాగా వస్తున్నాయి.

గోడ కాక వేరే విశేషాలు ఉన్నా రాయమన్నారు. పెరట్లో వంకాయ మొక్కల దగ్గర బండ ఎత్తితే కింద జెర్రి ఉంది. నా మోచేతి నుంచి వేలి కొస దాకా ఉంటుంది. బండ మళ్ళీ దించేశాను. వంకాయలు రేపు కోస్తాను.

కృత్తిక కార్తె, ఎండ ముదిరాక

వంకాయలు కోశాను. జెర్రి కరిచింది.

పెరడంటే పెద్దదేం కాదు. మా కాలనీ ఒకప్పుడు నాపరాళ్ళ గని. రాయి తీసుకుపోగా మెట్లు మెట్లుగా మిగిలిన గుంతలో, ఆ మెట్లలోకే ఇళ్ళు తొలుచుకుని ఉంటున్నాం. ఇంటి ముందు మిగిలిన బండ మీద మట్టి పోసుకుంటే అదే పెరడు. పైన ఎండకు మనుషులు నిలవలేని రోజులు వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇలాంటి గుంతల్లోకే దిగాయి. గుంతలో చల్లగా ఉంటుంది గానీ గాలి ఆడదు. అందుకే పాచిగోడలు. పైనుంచి పెద్ద అద్దాలతో ఎండను కిందికి మళ్ళిస్తే, గోడలోని పాచి దాన్ని తాగి మంచి గాలి వదులుతుంది.

ఎడమ చెయ్యి మోచేతి దాకా వాచింది. జ్వరం వచ్చింది. పక్కింటి సుంకమ్మ వదిన ఉల్లిగడ్డ నూరి కట్టింది. నర్సు కృపావతి వచ్చి సూది వేసింది.

"ఎంత పొడుగుండె?" అని అడిగింది.

చెయ్యి చాపి చూపించాను. వాచింది కాదు, రెండోది.

కృపావతి షాహీన పొట్ట వైపు చూసింది. "మీకు కాబట్టి జ్వరంతో పోయిందమ్మా. పసిబిడ్డనైతే..." అని ఆపి, సంచి సర్దుకుంది. గడప దగ్గర మళ్ళీ ఆగింది. "పైన ఆస్పత్రికి పోదామంటే ఈ ఎండకు దారిలోనే ప్రాణం మీదికి వస్తాది. కాన్పు ఈడనే చెయ్యాల. ఇల్లు శుభ్రంగ పెట్టుకోండి."

ఇల్లు శుభ్రంగానే ఉంది. జెర్రులు కూడా శుభ్రంగానే ఉన్నాయి.

కృత్తిక కార్తె, చివర్లో

బూడిద చల్లాను. బూడిద మీద జెర్రులు నడిచిన గుర్తులు ముగ్గులా పడ్డాయి. ఉప్పు చల్లాను. వంకాయ మొక్కలు రెండు చచ్చాయి. గోడ పగుళ్ళకు సున్నం పూశాను. మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. ఆ నీళ్ళు తాగడానికి ఒకటి వచ్చింది.

జెర్రికి కోడి మందు అని మా అమ్మ చెప్పేది. కాలనీ కోళ్ళ షెడ్డు నుంచి ఒక పెట్టను అడిగి తెచ్చాను. కోడీ, జెర్రీ ఎదురుపడ్డాయి. కాసేపు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. కోడి ఎగిరి దండెం మీద కూర్చుంది. ఇంకా దిగలేదు. గుడ్డు మాత్రం పెట్టింది, పైనుంచే.

గోడ బాగుంది.

రోహిణి కార్తె, మొదట్లో

ఉయ్యాలకని షాహీన నా పాత నేతచీర ఒకటి మడిచి పెట్టెలో దాచుకుంది. ఈ పొద్దు తీసి దులిపింది. అందులోంచి జెర్రి ఆమె పాదం మీద పడింది. పడి, పాదం దాటుకుని, మళ్ళీ చీర మడతల్లోకే దూరింది. కరవలేదు.

షాహీన అరవలేదు. గోడకు ఆనుకుని నిలబడి, "అమ్మా, వేరే చీర చూడాల" అంది. తర్వాత మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. పక్కన కూర్చున్నాను. చీరను జెర్రితో సహా మూట కట్టి మరిగే నీళ్ళలో ముంచాను. చీర రంగు పోయింది.

మధ్యాహ్నం గాలి మేస్త్రీ రంగనాయకులు గోడ చూడడానికి వచ్చాడు. మీటరు పెట్టి చూసి, ఈ వరుసలో ఇంత మంచి గోడ లేదన్నాడు. అది మాకు తెలుసు. నిరుడు ఉత్తమ పాచిగోడ అని మాకూ పక్కింటికీ చెరొక ప్లాస్టిక్ బకెట్ బహుమతి ఇచ్చారు. మా ఇంట్లో అగ్గిపుల్ల గీస్తే మంట జానెడు లేస్తుంది. అందుకే వంట పెరట్లో చేస్తాం.

జెర్రుల సంగతి అడిగాను.

"జెర్రికి మనకు మాదిరి ఊపిరితిత్తులుండవు మా," అన్నాడు మేస్త్రీ. "పక్కల సన్న బొక్కలుంటాయి. గాలి వాటిల్లోంచి లోపలికి పోతాది. గాలిలో సత్తువ ఎంతుంటే అది అంత పెద్దగ పెరుగుతాది. మీది మంచి గోడ. అందుకే మీ జెర్రులు మంచి జెర్రులు."

"గోడ తగ్గిస్తే?"

"పెద్దవాటికి ఊపిరి చాలదు. సత్తువ తగ్గి పడుంటాయి. కానీ ఇది ఉమ్మడి గోడ. పక్కింటోల్లు కూడా సరే అనాల."

పక్కింటివాళ్ళు సరే అనరని మేస్త్రీకి తెలుసు. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

రోహిణి కార్తె, ఆ మరుసటి రోజు

మా ఇంటికీ సుంకమ్మ వదిన ఇంటికీ మధ్యలో ఉన్నది ఒకటే పాచిగోడ. పైన ఆ వైపొక గాలికంత, ఈ వైపొక గాలికంత, మంచి గాలి ఇళ్ళలోకి వచ్చేది వాటిలోంచే. గోడ అంత బాగా ఉండడానికి కారణం సుంకమ్మ వదినే. రోజూ పేడనీళ్ళు వడగట్టి పోస్తుంది. అద్దాలు తుడుస్తుంది. ముదిరిన పాచి తీసేస్తుంది. ఇదంతా భర్త కోసం. ఆమె భర్త మద్దిలేటి అన్న ఈ గని గనిగా ఉన్న రోజుల్లో ఇక్కడే రాయి కోసేవాడు. ఆ దుమ్మంతా రొమ్ములో చేరి గట్టిపడింది. మామూలు గాలి ఆయనకు చాలదు. మంచం దిగి గడప దాకా రావడం మానేసి చాలా ఏళ్ళైంది.

నేను వెళ్ళేసరికి వదిన సంగటి కెలుకుతోంది.

"వదినా, గోడకు సగం దుప్పటి కప్పుదాం. కాన్పయ్యేదాకానే," అన్నాను.

తెడ్డు ఆపలేదు. "సగం కప్పితే ఆయనకు సగం గాలి. ఏ సగం వద్దనమంటావు, పీల్చేదా, ఇడిసేదా?"

"ఇంట్లో బిడ్డ పుడతాంది వదినా."

"పుట్టనీ. మా ఇంట్లో పుట్టినా నేను వద్దనను. గోడ మాత్రం ముట్టుకోవద్దు."

తర్వాత సంగటి ముద్ద, ఊరిబిండి పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. తిన్నాను. బాగుంది. అప్పటి నుంచి మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు.

రోహిణి కార్తె, నడుమ

గోడకు రెండు ముఖాలు. మా వైపు ముఖం మాది, పైనుంచి వచ్చే ఎండ ఎక్కువగా పడేదీ దాని మీదే. దాని మీద నేను కుట్టినవాటిలో అన్నిటికంటే మందమైన బొంత కట్టాను. ఎవరికీ చెప్పలేదు గానీ దాచి చేసిందీ కాదు. బొంత అంత పెద్దది దాచడం కుదరదు.

మరునాటికి బుడగలు బాగా తగ్గాయి. వంటసామాన్ల మూల పెద్ద జెర్రి ఒకటి కదలకుండా పడుంది. రోకలితో కొట్టాను. సంతోషంగా అనిపించింది.

మధ్యాహ్నం సుంకమ్మ వదిన వచ్చింది. బొంత వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. "ఒకసారి రా," అని నా కుడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

మద్దిలేటి అన్న మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని కూర్చుని ఉన్నాడు. దగ్గడం లేదు. దగ్గడానికి కూడా ఊపిరి కావాలి. గోళ్ళు వంకాయ రంగులో ఉన్నాయి. నన్ను చూసి ఒక్కో మాటకూ ఆగుతూ అన్నాడు.

"మాబమ్మా... బొంత... బాగ కుట్టినావు. చుక్క వెలుగు... ఇటుపక్కకు రాలే."

ఆయన ఎత్తిపొడవడం లేదు. నిజంగానే మెచ్చుకున్నాడు.

ఇంటికి వచ్చి బొంత విప్పాను. ముడులు విప్పడానికి చాలాసేపు పట్టింది. జెర్రి కరిచిన వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

రోహిణి కార్తె, అదే వారం

బొంత తీశాను. జెర్రులు మళ్ళీ లేచి తిరుగుతున్నాయి. షాహీన పగలంతా కాళ్ళు మంచం మీదే పెట్టుకుని కూర్చుంటోంది. కాళ్ళు నీరు పట్టాయి. నడవమని కృపావతి చెబుతుంది. ఎక్కడ నడవాలో చెప్పదు.

పరుపు కుడుతూ ఆలోచించాను. ఆ గాలి కావలసింది ఒక్క మనిషికి. మేము రెండిళ్ళ నిండా నింపుతున్నాం. మనిషి చుట్టూ నింపితే చాలు కదా అనిపించింది. సూది పరుపులోనే గుచ్చి, పక్కింటికి వెళ్ళాను.

"వదినా, అన్న మంచానికి గుడారం కుడతా," అన్నాను. "లోపలిది కనపడే ప్లాస్టిక్ పట్ట ఉంది, పాత నారుమళ్ళకు కప్పింది. గోడ మీది నుంచి గొట్టం దాంట్లోకి పెడదాం. గాలంతా అన్నకే. గోడ గాలికంతలు రెండూ మూసేద్దాం. ఇండ్లల్లో గాలి పలచబడితే పురుగులు పడుంటాయి."

వదిన మంచం వైపు చూసింది. "పీనుగను కప్పినట్ల ఉంటాది," అంది.

మంచం మీంచి మద్దిలేటి అన్న అన్నాడు. "దోమతెర మాదిరి గదా. పెండ్లయినపుడు కూడా కట్టింటిరి. దాంట్లో ఉండి నేనేం సావలేదే."

సుంకమ్మ వదిన నవ్వబోయి మానుకుంది. పట్ట ఎక్కడుందని అడిగింది.

నా ఎడమ చేతికి ఇంకా పట్టు రాలేదు. పట్ట జారకుండా వదిన ఎదురుగా కూర్చుని పట్టుకుంది, నేను కుట్టాను. మొదటి కుట్టు అంతా దారం గురించి మాత్రమే మాట్లాడుకున్నాం. రెండో కుట్టుకు వచ్చేసరికి షాహీన కాళ్ళ వాపుల గురించి అడిగింది. ఉలవకట్టు తాగించమంది. కుట్ల మీద మైనం పూశాం. లోపలి గాలి మురగకుండా కాళ్ళ వైపు సంచి మూతి లాంటిది పెట్టి, సన్నగా గాలి పోయేంత వదిలి, నాడాతో ముడి వేశాను.

మేస్త్రీ వచ్చి గుడారం చుట్టూ తిరిగాడు. "ఇట్ల చెయ్యొచ్చని రూల్సుల్లో లేదు," అన్నాడు. ఇంకో చుట్టు తిరిగాడు. "చెయ్యకూడదని కూడా లేదు. నేను చూడలేదని రాసుకోండి."

మేస్త్రీ చూడలేదు.

రోహిణి కార్తె, చివర్లో

ఇంట్లో గాలి పలచబడింది. అగ్గిపుల్ల అగ్గిపుల్లలాగే వెలుగుతోంది. మెట్లెక్కితే నాకు ఆయాసం వస్తోంది. షాహీన ఆవులిస్తోంది గానీ నడుస్తోంది, పెరటి దాకా కూడా. పెద్ద జెర్రులు కనిపించడం తగ్గింది. కనిపించినవి కూడా తాగినవాళ్ళలా నడుస్తున్నాయి. రోకలి పని రోకలి చేస్తోంది. కోడి దండెం దిగింది.

గుడారంలో మద్దిలేటి అన్న ముఖం తేటబడింది. పడుకుని నిద్రపోతున్నాడు. ఇంతకుముందు కూర్చునే నిద్రపోయేవాడట.

ఒకటే చిక్కు. గుడారం కాళ్ళ వైపు, గాలి సన్నగా పోయే ఆ మూతి దగ్గర, రెండు పెద్ద జెర్రులు చేరాయి. పొదుగు దగ్గర దూడల్లా తలలు అక్కడే పెట్టుకుని పడున్నాయట. వదిన పట్టుకారుతో పట్టి వేడినీళ్ళ బకెట్లో వేసింది.

"గాలి యాడుంటే ఆడికి వస్తాండాయి," అన్నాడు అన్న లోపలి నుంచి. "వాటికీ నాకూ ఒకటే జబ్బు, పాపం."

"నీకు పాపమనిపిస్తే లోపలికి పిల్సుకో," అంది వదిన.

మృగశిర కార్తె, మొదటి వాన

ఇది మరునాడు కూర్చుని రాస్తున్నాను. నిన్న రాయడం కుదరలేదు.

పొద్దున్నే షాహీనకు నొప్పులు మొదలయ్యాయి. కాసేపటికే వాన పట్టుకుంది. గనిలో వాన అంటే పై మెట్టు నీళ్ళు కింది మెట్టు మీదికి, దాని నీళ్ళు ఇంకో మెట్టు మీదికి దూకడం. కృపావతి తడిసి ముద్దై వచ్చింది. ఆమెకు తువ్వాలు ఇస్తూ తలుపు సందులోంచి పెరడు చూశాను.

మట్టిలోని బొరియలన్నీ నీళ్ళతో నిండాయి. వంకాయ మొక్కల కింద నుంచి, బండల సందుల నుంచి, ఎరువు గుంత నుంచి జెర్రులు బయటికి వస్తున్నాయి. ఇన్నాళ్ళూ చచ్చాయనుకున్నవి చావలేదు, లోపల దాక్కుని ఉన్నాయి. అన్నీ గడప వైపే వస్తున్నాయి. నేను తలుపు కింద గుడ్డలు కుక్కాను. గుడ్డల పక్క నుంచి వచ్చాయి.

వేడినీళ్ళ బకెట్, పట్టుకారు పెట్టుకుని షాహీన మంచం పక్కన కూర్చున్నాను. కృపావతి ఒక కాలు స్టూలు మీద, ఒక కాలు మంచం పట్టె మీద పెట్టి నిలబడి, "ఊపిరి బిగబట్టొద్దు, వదులు, వదులు," అని చెబుతోంది.

మొదటి జెర్రి నేల మీదుగా మంచం కోడు దాకా వచ్చింది. తల ఎత్తింది. మీసాలు అటూ ఇటూ ఆడించింది. నేను పట్టుకారు తెరిచాను. అది పక్కకు తిరిగి పాచిగోడ వైపు పోయింది. గోడ అడుగున బండకూ గోడకూ మధ్య సన్న సందు ఉంది. అందులోకి దూరి అవతలికి పోయింది. దాని వెనక రెండోది, ఆ వెనక ఇంకోటి. మంచం వైపు చూడనైనా చూడలేదు. మా ఇల్లు వాటికి దారి అంతే. నడిచి అవతలికి పోయాయి.

పచ్చటి నీళ్ళలోంచి అవతలి ఇల్లు నీడలా కనిపిస్తుంది. ఉబ్బెత్తుగా ఉండాల్సిన గుడారం నీడ లేదు. మంచం ఎత్తుకు కుంగిపోయి ఉంది. దాని ముందు సుంకమ్మ వదిన నీడ. చెయ్యి లేస్తోంది, దిగుతోంది, లేస్తోంది, దిగుతోంది.

గోడ వైపు తిరిగి గట్టిగా, "వదినా, ఏమైంది?" అని అడిగాను.

"నువ్వు బిడ్డను చూసుకో," అంది అవతలి నుంచి. "నాకీడ పనుండాది."

షాహీన నా చెయ్యి పట్టుకుంది, కరిచిన చెయ్యే. నేను లేవలేకపోయాను. లేవాలని ఉంది. లేవకూడదనీ ఉంది.

వాన సన్నబడేటప్పుడు పాప పుట్టింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది. ఆ పలచటి గాలితోనే గట్టిగా ఏడ్చింది. కృపావతి బొడ్డు కోసి, తుడిచి, నా చేతుల్లో పెట్టి, మాయ పడేదాకా ఆగింది. ఆ తర్వాత కాళ్ళ కింద ఏముందో చూసుకోకుండా పక్కింటికి పరుగెత్తింది.

మృగశిర కార్తె, మూడో వాన

అవతల జరిగింది సుంకమ్మ వదిన ఈ రోజు చెప్పింది.

షాహీన నొప్పుల కేకలూ, వాన చప్పుడూ రెండూ మద్దిలేటి అన్న విన్నాడట. మంచం మీద కిందికి జరిగి, గుడారం మూతి ముడి లోపలి నుంచి చెయ్యి పెట్టి విప్పేశాడట. సైకిలు ట్యూబులోంచి పోయినట్టు గాలంతా ఇంట్లోకి పోయింది. పట్ట ఆయన మీదికి కుంగింది.

"కట్టేదానికి పోతి," అంది వదిన. "ఆ నాడా మీద కాలు పెట్టుకోని కూసున్నాడు. కట్టొద్దు, అన్నీ ఈడికి రానీ, ఆడ బిడ్డ పుడతాంది అనె. నా మాట ఎప్పుడిన్యాడు ఆ మనిషి."

జెర్రులు వచ్చాయి. మంచం పట్టెల మీదికి, పట్ట మీదికి, పట్ట కింద ఆయన ముఖం ఉన్నచోటికి. ఆయన లోపలి నుంచి వేలితో చూపించాడు, ఇక్కడొకటి, అక్కడొకటి అని. వదిన పట్టుకారుతో పట్టి బకెట్లో వేసింది. కొంతసేపటికి ఆ వేలు కదలడం ఆగిపోయింది. వదిన ఆగలేదు. బహుమతి బకెట్ నిండాక బిందె తీసుకుందట.

కృపావతి వెళ్ళేసరికి ఆయన గోళ్ళు, పెదాలు నల్లబడి ఉన్నాయి. నాడా మీది ఆయన కాలు ఎత్తి పక్కన పెట్టి, నాడా ముడి వేసి, గొట్టం సరిచేసింది. గుడారం మెల్లగా నిండింది. సాయంత్రానికి పెదాలకు రంగు వచ్చింది. కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "ఆడా, మొగా?"

నేను బెల్లం ముక్క తీసుకుని చూడడానికి వెళ్ళాను. గుడారం పక్కన కూర్చున్నాను.

"అన్నా, ఎందుకట్ల చేస్తివి?" అని అడిగాను.

"పండుకోని పండుకోని యాష్టకొచ్చింది మాబమ్మా," అన్నాడు. "ఏదో ఒక పని దొరికె."

సుంకమ్మ వదిన ఆయనతో మాట్లాడడం లేదు. సంగటి పెడుతుంది, మొహం తుడుస్తుంది, మాట్లాడదు. ఆ మౌనం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కొన్నాళ్ళు పడుతుందని ఆయనకు చెప్పాను.

పాప బాగుంది. గోడ బాగుంది.

ఆరుద్ర కార్తె

అల్లుడు పైనుంచి దిగాడు. పాపను ఎత్తుకోవడం రాక, పళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతుల మీద పట్టుకుని అరగంట నిలబడ్డాడు.

మూడో వరుస నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళ ఇళ్ళకు ఈ మధ్యనే కొత్త గోడలు పెట్టారు. జెర్రులు పెరుగుతున్నాయి. వాళ్ళు కాసేపు వానల గురించి మాట్లాడి, చివరికి అడిగారు.

"మద్దిలేటి అన్నను కొన్నాళ్ళు పంపిస్తారా?"

సుంకమ్మ వదిన వాళ్ళను చూసింది. "ఆయనేమన్నా రోకలా, ఇరుగుపొరుగు అడుక్కోని పోయేదానికి?"

"పోతా," అన్నాడు అన్న గుడారంలోంచి.

వదిన ఆయనతో మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టింది ఆ రోజే. చాలాసేపు మాట్లాడింది. మేమంతా వేరే పనులు చూసుకున్నాం. ఆమె మాటలన్నీ అయ్యాక ఆయన మళ్ళీ, "పోతా," అన్నాడు.

ఈసారి గుడారానికి రెండో పొర కుట్టాను. మూతి నుంచి వచ్చే మురుగుగాలి ఒక రేకు డబ్బాలోకి పోతుంది. మురిగినా ఇంటి గాలి కంటే అదే మేలు కాబట్టి జెర్రులు ఆ డబ్బాలోకే వస్తాయి. ఆయన గాలి ఆయనకే ఉంటుంది. మూతి ముడి బయటి వైపు పెట్టాను, ఆయన చేతికీ కాలికీ అందకుండా. ఇది సుంకమ్మ వదిన షరతు. దారిలో గాలి కోసం మేస్త్రీ నాలుగు పెద్ద సీసాల్లో పాచినీళ్ళు నింపి గొట్టాలు బిగించాడు. రూల్సుల గురించి ఈసారి ఏమీ అనలేదు.

నలుగురు మంచం ఎత్తారు. నేనూ కొంతదూరం వెంట నడిచాను. గని ఉత్తరం వైపు రాతిగోడ దగ్గరికి వచ్చాక అన్న ఆపమన్నాడు. రాయి కోసిన గీతలు అక్కడ వరుసగా, పై నుంచి కింది దాకా కనిపిస్తాయి. ఆయన పట్ట లోపలి నుంచి అరచెయ్యి ఆనించాడు.

"ఈ వరుస నాది," అన్నాడు.

అందరూ అటు చూశారు. తర్వాత మంచం బరువుగా ఉందని ఒకరు అంటే మళ్ళీ నడిచారు.

పునర్వసు కార్తె

మద్దిలేటి అన్న ఇంకా రాలేదు. మూడో వరుసలో పని అయిపోయింది. ఇప్పుడు నాలుగో వరుసలో ఉన్నాడు. అక్కడివాళ్ళు మూతి పక్కనుంచి టీ గ్లాసు లోపలికి ఇస్తున్నారట. పేకాట కూడా నేర్పించారట. ఇంకో రెండిళ్ళు ఉన్నాయని కబురు పంపాడు.

సుంకమ్మ వదిన రోజూ సంగటి కట్టుకుని పోయి వస్తుంది.

"ఎట్లుండాడు?" అని అడుగుతాను.

"నాకంటే బాగుండాడు," అంటుంది.

నాకూ అలాగే అనిపిస్తోంది. వదిన కళ్ళ కింద నలుపు వచ్చింది. మనిషి చిక్కింది. గోడకు పేడనీళ్ళు పొయ్యడం రెండుసార్లు మరిచిపోయింది. నేను పోశాను.

ఈ రోజు మధ్యాహ్నం చాప చుట్టుకుని వచ్చింది. షాహీన, అల్లుడు రేషను తీసుకోవడానికి పై మెట్టుకు వెళ్ళారు. పాప ఉయ్యాలలో నిద్రపోతోంది. నేను దూది ఏకుతున్నాను.

"ఈడ పండుకుంటా వదినా," అంది.

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉండాది. నిద్రే రాదు." చాప పరిచి, ఉయ్యాల కిందనే కూర్చుంది. "ఇన్నేండ్లు ఆయన ఊపిరి వింటా పండుకున్యా. నిద్రలో కూడా చెవి ఆడనే. ఆగితే లేస్తాంటి. ఇప్పుడు ఇంట్లో ఏ సప్పుడూ లేదు. ఆగిందేమో అని లేసి కూసుంటాండా. ఆగేదానికి ఆడ మనిషే లేడు, తెలుసు. అయినా లేస్తాండా."

పడుకోమన్నాను.

పడుకుంది. పాపకు కొంచెం జలుబు చేసింది. ముక్కు బుసబుసమంటూ, మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ బుసబుసమంటోంది. ఆగినప్పుడు వదిన కళ్ళు తెరిచింది. మళ్ళీ మొదలవగానే మూసుకుంది. నాలుగైదుసార్లు అలా చేసింది. తర్వాత తెరవలేదు. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఒక చెయ్యి ఉయ్యాల అంచు కిందికి జారి అక్కడే ఉండిపోయింది.

దూది ఏకడం ఆపేశాను, దానికి చప్పుడవుతుందని.

అప్పుడు తలుపు మూల జెర్రి ఒకటి కనిపించింది. పెద్దది కాదు, వేలెడంత. రోకలి అందేంత దూరంలోనే ఉంది. తీసుకున్నాను. బండ మీద రోకలి వేస్తే ఇద్దరూ లేస్తారు. రోకలి మళ్ళీ గోడకు ఆనించి, మెత్తటి చీపురు తీసుకుని, దాన్ని మెల్లగా నెట్టుకుంటూ గడప దాటించాను. అది పెరట్లో వంకాయ మొక్కల వైపు పోయింది.

దాని సంగతి రేపు చూస్తాను. గడపకు అడ్డంగా కూర్చుని, వాళ్ళిద్దరూ లేచేదాకా కాపలా ఉన్నాను.